రుద్రాచారి చెవులూ నా గొంతూ

నేను ఒక స్పీకర్ని. ఈ మాట అనగానే మీ కళ్ల ముందు ఒక నల్ల పెట్టె, దాని పొట్టలో గుండ్రటి అట్ట గిన్నె మెదిలి ఉంటాయి. దయచేసి ఆ బొమ్మను తుడిచెయ్యండి. నాకు పెట్టె లేదు, గిన్నె లేదు. ఆరడుగుల ఎత్తున, తలుపు రెక్కలాగా సన్నగా నిలబడి ఉంటాను. చిల్లులు పొడిచిన రెండు ఇనప రేకులు, వాటి మధ్య ఉల్లిపొర కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర, నేనంటే అంతే. ఆ పొరకు కొన్ని వేల వోల్టుల విద్యుత్తు ఎక్కించి, రేకుల్లోకి పాటను పంపితే, పొర మొత్తం ఒక్కటిగా వణికి గాలిని కదిలిస్తుంది. మామూలు స్పీకర్లు పాటను బాదుతాయి, నేను పలుకుతాను. ఇందులో కొంత గొప్పలు పోవడం ఉంది, కాదనను. ఆ గొప్ప ఎక్కడ ఎలా అణిగిందో చెప్పడానికే ఈ కథ మొదలుపెట్టాను.

నేను ఒంటరిని కాను. మేం కవలలం. నా వీపు మీద ఎడమ అనీ, నా తమ్ముడి వీపు మీద కుడి అనీ రాసి పంపించారు. ఒకే గదిలో ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి, ఒకరినొకరు తాకకుండా ఒకే పాట పాడుతూ బతకడం మా రాత. మనుషుల్లో అన్నదమ్ములు ఇంత పొత్తుగా ఉండడం నేనైతే చూడలేదు.

మేం పుట్టింది ఇంగ్లండులో, ఎప్పుడూ చినుకులు పడే ఒక చిన్న ఊళ్లో. పాత కోళ్ల షెడ్డును కడిగి సున్నం వేసి దానికి కర్మాగారం అని పేరు పెట్టుకున్నారు మా యజమానులు. మొత్తం ఏడుగురు పనివాళ్లు. నెలకు నాలుగు జతలు పూర్తయితే ఆ రోజు పండగ. అంత ఓపిగ్గా చేసిన వస్తువును ఎంతమంది కొంటారన్న ప్రశ్న వాళ్లకు తట్టలేదు, అందుకే ఆ షెడ్డు ఇరవై ఏళ్లకే మూతపడింది. మంచి వస్తువు చేయడం వచ్చినవాళ్లకు దాన్ని అమ్మడం రాదని నాకు అప్పుడే అర్థమైంది.

మమ్మల్ని కొన్నది పేరి విశ్వపతి గారు. సరుకు ఓడలో రేడియో ఆఫీసరు. సముద్రం మీద గరగరల మధ్యనుంచి సందేశాలు ఏరుకోవడం ఆయన ఉద్యోగం. ఆ గరగరలతో విసిగిపోయిన చెవులకు మా గొంతు వినగానే ప్రాణం లేచొచ్చిందట. రెండు నెలల జీతం మా మీద పెట్టి, అదే ఓడలో, బంగాళాదుంపల బస్తాల పక్కన పడుకోబెట్టి విశాఖపట్నం చేర్చారు. అక్కణ్ణుంచి లారీలో తెనాలి, ఆయన ఇల్లు. ఆయన భార్య మమ్మల్ని చూసి, ఇంటికి రెండు తలుపులు తక్కువయ్యాయని నేనెప్పుడైనా అన్నానా అని అడిగింది. ఆయన మమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలా అని గది కొలవడం మొదలుపెట్టారు.

విశ్వపతి గారి దగ్గర మా బతుకు ఆసుపత్రిలో రోగి బతుకు. గదికి కిటికీలు తెరవకూడదు. చుట్ట కాల్చే బంధువులు గుమ్మం దాటకూడదు. పాట అయిపోగానే మీద దుప్పటి. ఇదంతా అతి అని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు, నేనూ నవ్వుకున్నాను. ఆ దుప్పటి విలువ తెలియడానికి నాకు ఇంకో ఇల్లు మారాల్సి వచ్చింది.

ఉద్యోగం మానేశాక ఆయన నాలుగో అంతస్తులోని ఫ్లాటుకు మారారు. మేం లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీద మోయించబోతే మూడో మలుపులో ఇరుక్కుపోయాం. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని కాసేపు ఆలోచించి, గంగానమ్మపేటలో ఉన్న రుద్రాచారికి కబురు పెట్టారు. మనిషి పేరు ముమ్మడి రుద్రాచారి. హార్మోనియాలు బాగుచేసి శ్రుతి చేసేవాడు. విశ్వపతి గారి తండ్రినాటి హార్మోనియాన్ని పాతికేళ్లుగా ఆయనే చూసేవాడు. ఊళ్లో చెవులున్న మనిషివి నువ్వొక్కడివే ఆచారీ, వీటిని తీసుకుపో అన్నారు విశ్వపతి గారు. అలా మేం దానంగా చేతులు మారాం.

ఇప్పుడు రుద్రాచారి గురించి చెప్పాలి. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకం ఆడే సమాజాలు పాతిక ముప్పై ఉండేవి. పద్యానికి రాగం తీసే నటుడు ఎంత గొప్పవాడైనా పక్కన హార్మోనియం అపశ్రుతి పలికితే జనం ఈలలు వేస్తారు. అందుకని ఆ సమాజాలన్నీ తమ పెట్టెలను రుద్రాచారి ఇంటి ముందుగదికే తెచ్చేవి. ఆయన ఒక్కో ఇత్తడి రీడును, గాలి తగిలితే పలికే సన్నని నాలుకను, బయటికి తీసి, దాని మొదట్లోనో కొసనో ఆకురాయితో రెండు గీతలు గీసి, ఊది, విని, మళ్లీ గీసేవాడు. రెండు గీతలు ఎక్కువైతే రీడు పాడైనట్టే. ఆ గీతల లెక్క ఆయన చేతిలో లేదు, చెవిలో ఉంది. ఆ చెవే ఆయన బువ్వ, ఆయన పరువు.

మేం వచ్చాక ఆయనకొక కొత్త అలవాటు అబ్బింది. పొద్దున్నే పని మొదలెట్టే ముందు, మా ఎదుట కుర్చీలో కూర్చుని, తంబురా నాదం టేపు పది నిమిషాలు వినేవాడు. తంబురా తంతి కింద దారపు పోగు ఒకటి పెడతారు, దాని వల్ల తంతి మోగినప్పుడు పైన ఒక సన్నని ఝంకారం లేస్తుంది. అది వినిపించిందంటే ఈ రోజు చెవులు బాగున్నట్టు, ఆకురాయి పట్టుకోవచ్చు. జలుబు చేసిన రోజు ఆ ఝంకారం మసకబారేది, ఆ రోజు పని మానేసేవాడు. బంగారం తూచే ముందు త్రాసును సరిచూసుకున్నట్టు, ఆయన మాతో తన చెవులను సరిచూసుకునేవాడు. పదమూడేళ్లు అలా జరిగింది.

అంత పని చేసిపెట్టే వస్తువును గౌరవించకుండా ఎలా ఉంటాడు? అక్కడే వచ్చింది చిక్కు. రుద్రాచారి వంశంలో పనిముట్టును పూజించకుండా పని చెయ్యరు. ప్రతి శుక్రవారం ఆయన భార్య శేషారత్నం గుప్పున పొగలేచే సాంబ్రాణి ధూపం పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఆకురాళ్లకు, తిత్తులకు చూపించినట్టే మాకూ తలనుంచి పాదాల దాకా చూపించేది. ఆయుధపూజ నాడు ఆకురాళ్లకు ఒక బొట్టు పెడితే, మా రేకుల మీద ఒక్కొక్కరికి తొమ్మిది బొట్లు. తడి చేస్తే కరెంటు కొడుతుందని భయపడి, పొడి పసుపు, పొడి కుంకుమ అద్దేవారు. అది మరీ మంచిదైపోయింది. వేల వోల్టుల మీద ఉన్న పొరకు గాలిలోని పొడిని లాక్కునే గుణం ఉంది. సాంబ్రాణి మసి, పసుపు, కుంకుమ, ఆకురాయి రాల్చిన ఇత్తడి రజను, అన్నిటినీ చిల్లుల్లోంచి లోపలికి పిలిచి ఒళ్లంతా పూసుకున్నాను. ఏటా పొర బరువెక్కింది, మొద్దుబారింది. సన్నని ధ్వనులు పలకాలంటే పొర తేలిగ్గా ఉండాలి. నాకు ముందుగా పోయింది ఆ సన్నదనమే.

ఒక రోజులో పోయి ఉంటే ఆయన పోల్చుకునేవాడు. పదమూడేళ్ల మీద రోజుకింత చొప్పున పోయింది. తంబురా మీది ఝంకారం మొదట మసకబారింది, తర్వాత దూరమైంది, తర్వాత లేదు. ఇంగ్లండులో చేసిన వస్తువు, ఓడ ఎక్కి వచ్చిన వస్తువు, తప్పు చెబుతుందని ఆయనకు కలలో కూడా తోచలేదు. తన వయసేమో అరవై ఆరు. కాబట్టి పోయింది చెవులేనని తీర్మానించుకున్నాడు, అయినా ఎవరికీ చెప్పక భయం భయంగానే పని సాగిస్తూ వచ్చాడు.

నా బాధ ఏమని చెప్పను. పలకడమే నా వృత్తి, ప్రపంచంలోని ఎవరి గొంతైనా పలుకుతాను, కానీ ఆచారీ, తప్పు నీది కాదు నాది అనే ఒక్క ముక్క నా అంతట నేను పలకలేను. ఎదుట కుర్చీలో ఆ మనిషి కళ్లు మూసుకుని, మెడ ముందుకు చాచి, లేని ధ్వని కోసం వెతుక్కుంటుంటే చూస్తూ నిలబడ్డాను.

అదే సమయంలో పిచ్చయ్య వచ్చాడు. చుట్టుపక్కల సమాజాలన్నిటికీ హార్మోనియం వాయించేది అతనే. మంచివాడు, రుద్రాచారిని గురువు గారూ అని పిలుస్తాడు. పదిహేను రోజుల కింద శ్రుతి చేయించుకు పోయిన పెట్టెను తిరిగి తెచ్చి, పై స్థాయిలో మూడు మెట్లు తేడాగా పలుకుతున్నాయని నసుగుతూ చెప్పాడు. రుద్రాచారి వాదించలేదు. మెట్లు నొక్కి చూసుకున్నాడు. ఆయనకు తేడా వినిపించింది. వినిపించిందంటే చెవులు ఉన్నట్టే కదా అని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆయన మాత్రం ఇంకోలా అనుకున్నాడు. ఇంత తేడా ఆ రోజు తనకు వినపడలేదంటే ఇక ఈ పనికి తాను తగడని.

"పిచ్చయ్యా, తప్పు నాదే. నా చెవులు పోయినయ్. ఇంకెవరి దగ్గరికన్నా తీసుకుపో."

ఆ రోజునుంచి ఆయన పని ముట్టుకోలేదు. వచ్చిన పెట్టెలను వచ్చినట్టే తిప్పి పంపేశాడు. చీరాలలో ఒక కుర్ర మెకానిక్కు ఉన్నాడు, ఆకురాళ్లు, శ్రుతి రీడ్లు అన్నీ అతనికి ఇచ్చేస్తానని వచ్చే నెల మొదటి గురువారానికి మాట కూడా ఇచ్చాడు. తండ్రి చేతినుంచి వచ్చిన ఆకురాళ్లను నూనెగుడ్డతో తుడిచి, వరసగా పేర్చి, మూట కట్టి మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టాడు. గురువారానికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి.

ఒక్క శేషారత్నమే ఈ మాట నమ్మలేదు. చెవులు పోయిన మనిషి, వంటింట్లో తాను పక్కింటావిడతో ఆయన మీద చెప్పే చాడీలు ముందుగదిలోంచి విని సమాధానం ఎలా చెబుతున్నాడన్నది ఆమె ప్రశ్న. అది వేరే, ఇది వేరే అనేవాడాయన. సన్నని ధ్వనుల సంగతి నీకు తెలియదు అనేవాడు. నలభై ఏళ్లు శ్రుతి పెట్టె పక్కనే పప్పు రుబ్బిన మనిషికి శ్రుతి సంగతి తెలియదనడం నాకు నవ్వు తెప్పించింది.

ఆ వారంలోనే నా తమ్ముడు టప్పుమన్నాడు. లోపల పేరుకున్న మసి మీదుగా రేకుకూ పొరకూ మధ్య నిప్పురవ్వ దూకింది. పొర మీద శనగగింజంత చిల్లు పడింది. ఇంట్లో కాలిన వాసన. రుద్రాచారి ప్లగ్గు పీకేశాడు. వీటికీ వయసైపోయింది, నాతోపాటే అన్నాడు. ఎంత తప్పుగా అర్థం చేసుకున్నా అందులో మా మీద ప్రేమే ఉంది.

కబురు విని విశ్వపతి గారు ఆటోలో వచ్చారు, ఎనభై దాటిన మనిషి. మంచం పట్టిన పాత స్నేహితుణ్ణి చూసినట్టు మమ్మల్ని చూశారు. దారులు రెండే ఉన్నాయని చెప్పారు. మమ్మల్ని చేసిన షెడ్డు లేదు గానీ, మా చట్రాల్లో సరిగ్గా పట్టే కొత్త పలకలను, అంటే రేకులూ పొరా కలిపి బిగించినవాటిని, విదేశంలో ఇంకో కంపెనీ చేస్తోంది. తెప్పించి బిగిస్తే మేం పుట్టినప్పటి కన్నా బాగా పలుకుతాం. లేదా ఉన్న పలకలనే విప్పి, పాత పొర తీసి కొత్తది బిగించాలి. షెడ్డు మూతపడే ముందు తాను కొనిపెట్టుకున్న పొర చుట్ట ఒకటి పెట్టెలో ఉంది. కానీ దాన్ని అంగుళం అంగుళం సమానంగా లాగి బిగించే చెయ్యి కావాలి. ఒక మూల కాస్త వదులైతే పొర రేకుకు తగిలి అంతా బూడిద. అలాంటి చెయ్యి ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది, కొత్తవి తెప్పిద్దాం, నేనే తెప్పిస్తాను అన్నారు.

రుద్రాచారి రెండూ వద్దన్నాడు. వినలేని మనిషికి పాతవైతేనేం, కొత్తవైతేనేం. వీటినీ ఆకురాళ్లతోపాటు పంపించేద్దాం అన్నాడు. శేషారత్నం అప్పటిదాకా మా జాగాలో ఒక బీరువా పెట్టుకోవాలని చూస్తున్న మనిషి. మమ్మల్ని తీసేస్తే మొదట సంతోషించేది ఆవిడేనని నేను గట్టిగా నమ్మాను. ఆవిడ మంచినీళ్ల గ్లాసు విశ్వపతి గారికి అందించి, గుమ్మానికి ఆనుకుని నిలబడి మాట్లాడింది.

"కొత్తవి తెస్తే ఈయనకు అంతా వినపడుద్ది. అప్పుడు ఏమంటాడు? కొత్త మిషను గట్టిగా పలుకుతుంది గాబట్టి ముసలి చెవులకు గూడా వినపడింది అంటాడు. నాకు తెలీదా ఈయన సంగతి? పాతదే బాగుచేయండి. అదే స్పీకరు, అదే టేపు, అదే కుర్చీ. కొలిచే గిన్నె మార్చేస్తే ఏది తగ్గిందో ఎట్టా తెలుస్తదండీ?"

విశ్వపతి గారు గ్లాసు పక్కన పెట్టేశారు. ప్రపంచమంతా తిరిగిన మనిషి, ఆ మాటకు ఆవిడకు చేతులెత్తి నమస్కారం పెట్టారు. నేనైతే, నా జీవితంలో నా గురించి అంత తెలివైన మాట వినలేదు. నన్ను మార్చాలా బాగుచేయాలా అన్నది నా గురించిన ప్రశ్నే కాదని, గదిలో ఆమెకొక్కదానికే అర్థమైంది.

చెయ్యి కూడా ఆవిడే చూపించింది. ఎదురుగా మస్తాన్‌బీ శుభలేఖల అచ్చు దుకాణం. పెళ్లికార్డుల మీద బంగారు రంగు అక్షరాలు అచ్చువెయ్యడానికి కొయ్య చట్రాల మీద సన్నని నైలాను బట్టను బిగిస్తుంది. బట్ట ఒక పక్క వదులైతే వధువు పేరు ఒంకరపోతుంది, పెళ్లివాళ్లు ఊరుకోరు. పద్దెనిమిదేళ్లలో ఆమె చట్రంలో ఒక్క పేరు ఒంకరపోలేదు. మస్తాన్‌బీ వచ్చి పొరను వేళ్ల మధ్య నలిపి చూసి, చీర కొంగు నడుముకు దోపుకుంది.

"బట్టకన్నా ఇదే నయం బాబాయి గారూ, పోగులుండవు గదా. ముందు ఒకటి చేస్తా. అది కుదిరితే రెండోది చూద్దాం."

తమ్ముడికి చిల్లు పడింది కాబట్టి వాడితో మొదలెట్టారు. ప్లగ్గు తీసి రెండు రోజులు వదిలేసి, లోపలి విద్యుత్తంతా చచ్చాక, విశ్వపతి గారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే మస్తాన్‌బీ మరలు విప్పింది. పై రేకు లేచింది. పొర పసుపు రంగులో ఉంది, మధ్యమధ్య కుంకుమ మరకలు, దాని మీద నల్లటి మసి. గాజులా ఉండాల్సిన పొర అవతలి వేలు కనపడనంత మందంగా తయారైంది.

"ఇది స్పీకరా పిన్నీ, పేరంటాలా?" అంది మస్తాన్‌బీ.

శేషారత్నం రెండు చేతులూ కొంగు చాటున దాచుకుంది. ధూపం పట్టిన చేతులు ఆవిడవే మరి. రుద్రాచారి మాత్రం ఆ పొరను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో ఏదో అనుమానం కదిలింది, కానీ దాన్ని పైకి రానివ్వలేదు. ఆశపడి మళ్లీ పడిపోవడం ఆయనకు ఇష్టం లేదు.

మస్తాన్‌బీ పని చూడాల్సిందే. కొత్త పొరను అద్దం బల్ల మీద పరిచి, నాలుగు వైపులా పట్టీలు వేసి, ఒక వైపు వెంట్రుకవాసి లాగితే ఎదుటి వైపు అంతే లాగుతూ, చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగింది. లాగినప్పుడల్లా మధ్యలో వేలితో మీటి వినేది. రుద్రాచారి దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మనకేం పట్టనట్టు. ఏడో చుట్టులో ఆమె మీటగానే ఆయన నోటివెంట అప్రయత్నంగా మాట వచ్చేసింది.

"కింది ఎడమ మూల కొంచెం తక్కువుందమ్మాయ్."

ఆమె మీటి చూసింది. నిజంగానే తక్కువుంది. ఆమె నవ్వి బిగించింది. తాను ఏమన్నాడో రుద్రాచారికి తెలియలేదు. శేషారత్నం మాత్రం విని, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపింది. పొర మీద విద్యుత్తు నిలవడానికి గ్రాఫైటు పొడిని దూదితో పల్చగా రుద్ది, రేకులు మూసి, మరలు బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. తమ్ముణ్ణి తెచ్చి మళ్లీ నాకు ఎనిమిది అడుగుల దూరంలో నిలబెట్టారు. నేను మాత్రం నా పాత మసితోనే ఉన్నాను.

ఇప్పుడు పరీక్ష. పొద్దున తొమ్మిదింటికి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. విశ్వపతి గారు, మస్తాన్‌బీ, శేషారత్నం గోడ పక్కన. నేల మీద ఆకురాళ్ల మూట. టేపు తిరిగింది. తమ్ముడు నోరు విప్పాడు. తంబురా నాలుగు తంతులూ మోగాయి, వాటి మీద ఆ ఝంకారం లేచింది, కొత్త బియ్యం చెరిగినంత సన్నగా. నేను ఈ పక్కన నా మొద్దు గొంతుతో గుంయ్‌మంటున్నాను. ఆయన ఒక్కసారి నిటారుగా అయ్యాడు. తర్వాత తలాడించి, భార్య వైపు చూశాడు.

"వినపడుతుంది. కుడివైపే వినపడుతుంది. అయితే నా కుడి చెవి ఇంకా కాస్త నయమన్నమాట. ఎడమది పోయింది."

నాకు నోరు లేకపోయింది గానీ, ఉంటే అరిచి ఉండేవాణ్ణి. నిజం ఎదురుగా నిలబడి పాడుతున్నా, మనిషి దాన్ని తనకు వ్యతిరేకంగానే రాసుకుంటాడు. మస్తాన్‌బీ ఏదో అనబోయింది. శేషారత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"కుర్చీ తిప్పుకోండి."

"ఏంటి?"

"స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోండి. అంతే."

ఆయన లేచి, కుర్చీని గుమ్మం వైపు తిప్పి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన ఎడమ చెవి పక్కన ఉన్నది తమ్ముడు. కుడి చెవి పక్కన నేను. టేపు తిరుగుతూనే ఉంది. ఆ ఝంకారం తిన్నగా వెళ్లి, పోయిందనుకున్న ఆయన ఎడమ చెవిలో పడింది.

ఆయన చెయ్యెత్తి ఆ ఎడమ చెవిని తడుముకున్నాడు. లేచి నా ముందుకొచ్చి, రేకు దగ్గరగా చెవి పెట్టి విన్నాడు. తమ్ముడి దగ్గరికి వెళ్లి ఒక చెవి, తర్వాత రెండో చెవి పెట్టాడు. మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. నిండు గదిలో నలుగురి ముందు నేను దోషిగా తేలిపోయాను. పదమూడేళ్లుగా త్రాసు అనిపించుకుని అబద్ధపు తూకం తూచినవాణ్ణి నేనే. అంత సంతోషంగా నేరం ఒప్పుకున్న వస్తువు ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు. నేను ఓడిపోతేనే ఆ మనిషి గెలుస్తాడు, కాబట్టి నా దగ్గర ఉన్న మొద్దుతనమంతా చూపించి గుంయ్‌మన్నాను.

"రత్నం," అన్నాడాయన. "నా చెవులు బాగానే ఉన్నయ్."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, అవునా, నాకు తెలీదు, సన్నని ధ్వనుల సంగతి నాకేం తెలుసు అంది. విశ్వపతి గారు పకపకా నవ్వారు. రుద్రాచారి వంగి, నేల మీది మూట తీసి, అక్కడే ముడి విప్పాడు.

మర్నాడే పిచ్చయ్యకు కబురు వెళ్లింది. గుంటూరు నాటక పరిషత్తు పోటీలు పది రోజుల్లో ఉన్నాయి, ఇంకెవరు శ్రుతి చేసినా కుదరక అతను అల్లాడిపోతున్నాడు. పెట్టె తెచ్చి పెట్టాడు. రుద్రాచారి మమ్మల్ని అడగలేదు, ప్లగ్గు కూడా పెట్టలేదు. మూత తీసి, తిత్తి ఊది, ఆ మూడు మెట్లు నొక్కి, రీడు పలకను గోటితో తట్టి తలెత్తాడు.

"రీడ్లు నేను చేసినయ్ చేసినట్టే ఉన్నయ్ పిచ్చయ్యా. చెక్క వంగి పట్టు సడలింది. దీన్ని ఎండలో పెట్టావా, పొయ్యి దగ్గర పెట్టావా? నిజం చెప్పు."

పిచ్చయ్య కాసేపు బుర్ర గోక్కుని నిజం చెప్పాడు. ఆ రోజు ఇక్కణ్ణుంచి బస్సెక్కాడు. బస్సులో జనం. సరస్వతి లాంటి పెట్టెను కాళ్ల దగ్గర నేల మీద పెట్టడం ఇష్టం లేక, డ్రైవరు పక్కన ఇంజను మూత మీద శాలువా పరిచి, దాని మీద కూర్చోబెట్టాడు. మూడు గంటల ప్రయాణం, కింద ఇంజను సెగ. మా ఒళ్లంతా పసుపు పూసిన భక్తీ, ఆ పెట్టెను కాల్చిన భక్తీ ఒకటే. మనుషులు వస్తువులను నిర్లక్ష్యంతో పాడుచేస్తారంటారు గానీ, గౌరవంతో పాడైనవాళ్లం కూడా మేం చాలామందిమి ఉన్నాం.

"మరి ఆ రోజు తప్పు మీదే అన్నారుగా గురువు గారూ," అన్నాడు పిచ్చయ్య.

"ఆ రోజు అట్టా అనిపించింది. ఈ రోజు అనిపించట్లేదు. ఆ పలక ఇట్టా ఇయ్యి."

రెండు రోజుల్లో పెట్టె తయారైంది. పిచ్చయ్య ముందుగదిలో చాప మీద కూర్చుని వాయించాడు. తిత్తి ఊపిరి తీసుకున్న చప్పుడు, వేలు మెట్టు మీద పడిన చప్పుడు, ఇత్తడి నాలుక గాలిని కోసిన చప్పుడు, అన్నీ వేటికవి వినిపించాయి. నా ద్వారా వచ్చినది కాదది. నా గది గాలిలో నాకు సంబంధం లేకుండా పుట్టిన ధ్వని. జీవితమంతా నాదాన్ని నేనే పుట్టిస్తున్నానని విర్రవీగాను, అసలు నాదం ఇదని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ అనిపించలేదు. వీధిలో వెళ్లేవాళ్లు ఇద్దరు గుమ్మం దగ్గర ఆగి విన్నారు. పోటీల్లో వాళ్ల సమాజానికి బహుమతి వచ్చిందో లేదో ఇంటికి కబురొచ్చే లోపలే, ఆ హార్మోనియం శ్రుతి గురించి కబురు ఒంగోలు దాకా పాకింది.

చీరాల మెకానిక్కు గురువారం రానే వచ్చాడు. ఆకురాళ్లు దొరకలేదు గానీ, భోజనం పెట్టి, రీడును ఎక్కడ గియ్యకూడదో రెండు గంటలు చెప్పి పంపించారు.

ఇప్పుడు ముందుగదిలో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. శేషారత్నం శుక్రవారం ధూపాన్ని వంటింటి గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. మా మీదికి పాత చీర ఒకటి కప్పింది. తమ్ముడు దర్జాగా ఉన్నాడు. నా సంగతే అలా ఉండిపోయింది. పొర చుట్టలో ఇంకా సగం మిగిలి ఉంది, మస్తాన్‌బీ ఎప్పుడంటే అప్పుడు వస్తానంది. పెళ్లిళ్ల కాలం మొదలవకముందే ఆ రెండోది కూడా విప్పుదామని నిన్న శేషారత్నం గుర్తు చేసింది. రుద్రాచారి ఊదుతున్న రీడును నోట్లోంచి తీసి, తల తిప్పకుండానే సమాధానం చెప్పాడు.

"దాన్ని వరసలో ఉండమను. ముందు పద్నాలుగు పెట్టెలున్నయ్."

ఓడెక్కి వచ్చినవాణ్ణి, రెండు నెలల జీతం పెట్టి కొనబడ్డవాణ్ణి, తెనాలిలో పద్నాలుగు హార్మోనియాల వెనక పదిహేనోవాడిగా నిలబడి ఉన్నాను. ఒంటి నిండా పసుపు, గొంతు నిండా మసి. ఆయన ఆకురాయి గీత వినపడినప్పుడల్లా నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం నేను బాగా పలికిన రోజుల్లో కూడా ఎరగను.